గురులఘువులు – మోర్సు సంకేతాలు

ఛందస్సు చదివినవారికి మోర్సు సంకేతం పరాయి విద్యగా తోచదు. మనకు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మోర్సులో చుక్క ఒక మాత్ర, గీత మూడు మాత్రలు. అక్షరాల నడుమ విరామం మూడు మాత్రలు, మాటల నడుమ ఏడు. లెక్క ఇంత నిక్కచ్చిగా ఉన్నప్పుడు దానిని విప్పడానికి మనిషెందుకు, కంప్యూటరు చాలదా?

చిక్కంతా విరామంలోనే ఉన్నది. చుక్క వెంటనే గీత వస్తే అది ఇంగ్లీషు 'ఏ'. నడుమ కాస్త జాగయితే 'ఈ', 'టీ' అనే రెండక్షరాలు. మన 'మావిడాకులు' వంటిదే ఇదీ. విరిచిన చోటును బట్టి గుమ్మానికి తోరణమూ కావచ్చు, కాపురానికి ముగింపూ కావచ్చు!

సాఫ్టువేరు ముందుగా చప్పుళ్ళలోంచి ఒక శ్రుతిని వేరు చేస్తుంది. ఆపై నిడివులు కొలిచి, పంపేవారి వేగాన్ని అంచనా కడుతుంది. యంత్రం పంపినదైతే ఇంచుమించు తప్పు లేకుండా చదువుతుంది. 2008లో వచ్చిన సీడబ్ల్యూ స్కిమ్మర్ ఏకకాలంలో వందల సంకేతాలను విప్పగలదు. మన శతావధానులైనా నూర్గురు పృచ్ఛకులకు వంతులవారీగానే కదా బదులిచ్చేది! మనిషికి ఆ శక్తి లేదు. 1939లో అమెరికాలో టెడ్ మెకెల్రాయ్ నిమిషానికి 75.2 మాటలు విని రాసి రికార్డు నెలకొల్పాడు. అదీ ఒక్క సంకేతమే.

అయితే చేతితో పంపేవారి మాత్రలు సమంగా ఉండవు. పైగా ఉరుముల గరగర, సంకేతం ఉండుండి సన్నగిల్లడం. అప్పుడు సాఫ్టువేరు అర్థంలేని అక్షరాలు కుమ్మరిస్తుంది. అలవాటైన చెవి ఆ చేతి నడకను పట్టుకొని, జారిన అక్షరాన్ని సందర్భాన్ని బట్టి పూరిస్తుంది. తాళపత్రంలో ఎడం లేని మాటలకు పండితుడు పదచ్ఛేదం చేసినట్లే.

ఈ పూరణలో ప్రమాదమూ లేకపోలేదు. ఊహించినదే వినిపిస్తుంది. ఊరి పేరుకూ మనిషి పేరుకూ సందర్భం తోడురాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్టుబ్లెయిరులో ఉండి, రేడియో ద్వారా క్షేమసమాచారాలు చేరవేసింది. అటువంటి వేళ మోర్సయినా మాటయినా పేరులో ఒక అక్షరం మారితే, ఒకరి ఇంటి కబురు మరొకరి ఇంటికి చేరుతుంది. మంచి ఆపరేటరు అక్కడ పూరించడు. మళ్ళీ పంపమని అడుగుతాడు. నెమ్మదిగా పంపమనడానికి 'క్యూఆర్‌ఎస్' అన్న సంకేతమే ఉన్నది.

మా పాతపట్నంలో టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే గుండె జారేది. అందులోని నాలుగు మాటలను ఒకప్పుడు ఎవరో చెవితో విని రాసినవే. 2003లో అంతర్జాతీయ నియమాలు అమెచ్యూర్లకు మోర్సు తప్పనిసరి కాదన్నాయి. 2013 జూలైలో మన టెలిగ్రామూ ముగిసింది. ఇక వందల సంకేతాలను వెదకడం యంత్రానికి వదలవచ్చు. కాని చదివినది సందేహించి, మరొకసారి అడగవలసినదేదో గుర్తించే చెవిని మాత్రం మనం పోగొట్టుకోరాదు.