చెక్క అచ్చు ఎవరికోసం?

గుడిలోని బొమ్మ జనం చేతికి ఎప్పుడు వస్తుంది? జపాను చెక్క అచ్చు చిత్రాల గురించి చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

నేటి టోక్యో అప్పటి ఎదో. 1855లో కునియోషి అక్కడి ఆసకుసా ఆలయానికి ఒక పెద్ద మొక్కుబడి పలక చిత్రించాడు. ఒంటరి ఇంట్లో బాటసారులను చంపే ముసలిదాని కథ అది. ఆ ఏడే ఆ కథ అచ్చు చిత్రమై అంగళ్లకెక్కింది. అంతకుముందు 1827 ప్రాంతంలో ఒక చైనా నవలలోని 108 మంది తిరుగుబాటుదార్ల బొమ్మలు వేయడం మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నవాడూ ఇతడే. వాటిని కొన్నవాళ్లు చిన్న వర్తకులు, చేతిపనివాళ్లు. అలాగని అక్కడ స్వేచ్ఛ వెల్లివిరిసిందనుకోవద్దు. 1842లో ప్రభుత్వం నటుల, వేశ్యల బొమ్మలను నిషేధించింది. నిషేధించవలసి వచ్చిందంటేనే బొమ్మ ఎంతదూరం పోయిందో తెలుస్తోంది.

మనకు చెక్క అచ్చు తెలియక కాదు. కాళహస్తిలోనూ బందరులోనూ గుడ్డకు అదే కరక్కాయ, అవే పాలు. బెల్లమూ ఇనుమూ ఊరబెట్టి తీసిన అదే నలుపు. కాని కాళహస్తి పనివాడు వెదురు కలంతో రామాయణ ఘట్టాలు గీసి, పక్కన తెలుగులో కథ రాశాడు. ఒక్కో గుడ్డకు నెలల శ్రమ. అది గుళ్లో వేలాడింది. బందరు పనివాడి చేతిలో అచ్చు ఉంది, ఒకే బొమ్మను వందసార్లు అద్దగలడు. అయితే అతని సరుకు పర్షియాకు, 1605లో అక్కడ దిగిన డచ్చి కంపెనీ ఓడలకు పోవాలి. కొనేవాడు లతలడిగాడు, పూలడిగాడు. కథ ఉన్నచోట అచ్చు లేదు. అచ్చు ఉన్నచోట కథకు బేరం లేదు. దీన్ని అభిరుచి భేదమనుకోవడం పొరపాటు.

విచిత్రమేమంటే, మన తీరపు అద్దకాలు డచ్చి ఓడల్లో జపాను చేరాయి. వాళ్లు వాటిని ‘సరాసా’ అన్నారు. 1778లో ఆ నమూనాలతో ఒక పుస్తకమే అచ్చువేసుకున్నారు, చెక్క అచ్చులతోనే!

మా మాడుగుల ఏజెన్సీకి గుమ్మం. ఈ కొండల వెనుకే 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. కునియోషి గీసిన తిరుగుబాటుదార్లకు ఏమాత్రం తీసిపోని కథ. మరి అది మన పల్లెలకు ఏ రూపంలో వచ్చింది? తంబురా మీద, గుమ్మెట మీద, బుర్రకథగా వచ్చింది. పెడనలో ఈనాటికీ టేకు అచ్చులు చెక్కుతున్నారు. మా ఇంట్లో ఆ అద్దకపు దుప్పటి ఒకటి ఉంది. దాని నిండా పూలే.