కారు స్టీరియో మార్పిడి

మోటారు కారుతో పాటు కర్మాగారమునందే అమర్చబడి వచ్చిన రేడియోను లేక సంగీతయంత్రమును తొలగించి, దాని స్థానమున వేరొక సంస్థ నిర్మించిన నూతన యంత్రమును నిలుపుటకు స్టీరియో మార్పిడి యని పేరు. అంగళ్లలో మొదటిదానిని ‘కంపెనీ సెట్టు’ అనియు, రెండవదానిని ‘బయటి సెట్టు’ అనియు వ్యవహరింతురు. కొనువాడు సాధారణముగా తెర యెంత పెద్దది, రంగు లెంత ప్రకాశమానములు అను రెండు విషయములనే విచారించును. కాని యీ మార్పిడి యొక్క మేలుకీడులు నిర్ణయమగునది యంత్రముఖమున గాదు, దాని వీపున. డ్యాష్‌బోర్డు వెనుక, చేయి దూరుటకైనను కష్టమైన ఇరుకుచోటున, తీగెలు ఏది దేనితో ఎట్లు కలుపబడినదను దానియందు.

కారులో రేడియో యనునది మొదట బయటి వస్తువే. 1930లో అమెరికా దేశీయుడైన పాల్ గాల్విన్ తన కారులో ఒక రేడియోను బిగించుకొని, అట్లాంటిక్ సిటీలో రేడియో ఉత్పత్తిదారుల సమావేశము జరుగుచుండగా అచ్చటికి పోయి, దానిని వచ్చినవారికి వినిపించి గిరాకీ సంపాదించెను. ఆ సరుకునకు ఆయన పెట్టిన మోటరోలా యను పేరే తరువాత సంస్థకును పేరయ్యెను. జర్మనీలో బ్లౌపుంక్ట్ సంస్థ 1932లో వెలువరించిన ఆటోసూపర్ ఏ.ఎస్.5 అను సెట్టు వెల 465 మార్కులు. అది ఆనాటి కారు వెలలో సుమారు మూడవ వంతు. 1963లో ఫిలిప్స్ వారి కాసెట్టును, 1984లో పయొనీర్ వారు కారు కొరకు నిర్మించిన సి.డి. యంత్రమును వచ్చి, ఒకదానిని మరియొకటి వెనుకకు నెట్టినవి. మన దేశమున 1983 డిసెంబరులో అవతరించిన మారుతి 800 కార్లలో అనేకము స్టీరియో లేకయే యజమాని యింటికి చేరినవి. ఆయన దానిని నేరుగా అంగడికి తోలుకొనిపోయి, కాసెట్టు ప్లేయరును, వెనుక అద్దము క్రింది పలకపై రెండు స్పీకర్లను పెట్టించుకొనెడివాడు. అప్పటి పని ఖాళీ గూటిని నింపుటయే కాని మార్పిడి కాదు. కార్ల తయారీదారులు తామే సెట్టును డ్యాష్‌బోర్డు రూపములో కలిపివేయ నారంభించిన పిమ్మట గాని ఈ విద్యకు నేటి చిక్కులు రాలేదు.

గూటి కొలతకు జర్మను ప్రమాణసంస్థ పేరు మీదుగా ‘డిన్’ అని వాడుక. యంత్రముఖము 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు కలిగియుండవలెనని ఆ ప్రమాణము. దీనినే అంతర్జాతీయ ప్రమాణసంస్థ 7736 సంఖ్యతో స్వీకరించినది. ఎత్తు రెట్టింపై 100 మి.మీ. అయినచో అది ‘డబుల్ డిన్’. టొయోటా కార్లలో పెక్కింటి గూడు 200 మి.మీ. వెడల్పు గలది, అందు సాధారణ డబుల్ డిన్ సెట్టును నిలిపినచో ఇరుప్రక్కల పదేసి మి.మీ. సందులు మిగులును గనుక వానిని పూరించు పట్టీలు విడిగా దొరకును. తొమ్మిది, పది అంగుళముల తెరలు గల నేటి ఆండ్రాయిడ్ సెట్లు ఏ గూటిలోను ఇముడవు. గూటికి ముందు నిలిచి, ఆయా కారు నమూనాకే పోతపోసిన ఫ్రేము ఆధారముగా వ్రేలాడును. అందుచే కారు పేరును మాత్రమే గాక, తయారైన సంవత్సరమును, అందలి రకమును గూడ చెప్పి ఫ్రేమును కొనవలెను. ఎండలో నిలిచి కాగిన కారులో చౌక ఫ్రేము వ్యాకోచించి, గతుకుల బాటపై కీచుకీచుమనుచు పాటకు తాను గూడ గొంతు కలుపును.

తీగెల విషయము కొంచెము విస్తరించి చెప్పదగినది. బయటి సెట్ల తీగెల రంగులు చాలవరకు ఒకే ఆచారమును అనుసరించును: పసుపు తీగె బ్యాటరీ నుండి ఎల్లవేళల 12 వోల్టులు తెచ్చి గడియారమును, స్టేషన్ల జ్ఞాపకమును కాపాడును, ఎఱ్ఱ తీగెకు తాళము త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చును, నల్లనిది భూసంబంధము, నీలి తీగె యాంటెనాకును, నీలముపై తెల్లచార గలది ఆంప్లిఫయరుకును మేలుకొలుపు. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమకు, బూడిదరంగు ముందు కుడికి, ఆకుపచ్చ వెనుక ఎడమకు, ఊదా వెనుక కుడికి చెందును. నల్లచార గలది ఆయా జతలోని ఋణధ్రువము. ఇంతవరకు సులభమే. కాని కారు వైపు నుండి వచ్చు తీగెలకు ఇట్టి సామాన్యధర్మము లేదు. ఐరోపా కార్లు కొన్ని అంతర్జాతీయ ప్రమాణము 10487 ననుసరించిన కప్లరును వాడినను, ఫోక్స్‌వాగన్ వారి పాత కార్లలో నాలుగవ, ఏడవ స్థానములు తారుమారుగ నుండును. దానిని గమనింపక కలిపినచో, తాళము తీసిన ప్రతిసారియు సెట్టు తాను నేర్చిన స్టేషన్ల నన్నిటిని మరచిపోవును. ‘సెట్టు పాడైనది’ అని అంగడికి తిరిగివచ్చు ఫిర్యాదులకు పసుపు, ఎఱ్ఱ తీగెల ఈ తారుమారు ఒక ముఖ్యకారణము. మారుతి, హ్యుందాయ్ మున్నగువారి కప్లర్లు వారివారివి. వానికి తగిన మారు కప్లరును కొని, దాని మొదళ్లను సెట్టు తీగెలతో బల్లపై సోల్డరు చేసి, పిదప కారులో గ్రుచ్చుట ఉత్తమపద్ధతి. కారు కప్లరును కోసివైచి, తీగెల మొనలను పెనవేసి, ఇన్సులేషన్ టేపు చుట్టుట అధమము. వేసవిలో ఆ టేపు జిగురు కరగి జారిపోవును, బయల్పడిన రాగి రాగిని తాకును, ఫ్యూజు పోవును. ఫ్యూజునకు బదులు ఎవరైన లావు తీగె వేసియుండిరేని, పోవునది ఫ్యూజు కాదు. ఇట్టి కోత వలన ఆ విద్యుద్భాగమునకు వారంటీ నిరాకరింపబడుటయు కలదు.

పెట్టెపై ‘4 × 50 వాట్లు’ అని పెద్దయక్షరములతో ముద్రించు సంఖ్యను గూర్చి ఒక లెక్క చెప్పవలెను. ఇంజను నడుచుచుండగా కారులో లభించు వోల్టేజి సుమారు 14.4. నాలుగు ఓముల స్పీకరునకు ఆ వోల్టేజిని ఏమాత్రము నష్టము లేక అందించినను, శుద్ధమైన స్వరతరంగమున 26 వాట్లకు మించి రాదు. వాస్తవమున 20, 22 వాట్లు వచ్చును. ఏబది యను సంఖ్య, తరంగము శిఖరము తెగి చదరమై, సంగీతము గరగర ధ్వనిగా మారిన స్థితికి చెందినది. కనుక యాబది వాట్ల సెట్టు కంపెనీ సెట్టు కంటె రెండింతలు బిగ్గరగా పలుకునను ఆశ వలదు. వినికిడిలో మేలు కోరువాడు ముందు స్పీకర్లను మార్చుట మంచిది. ఈ సెట్లలో స్పీకరు రెండు కొనలును ఆంప్లిఫయరు చేతనే నడుపబడును గనుక, పాత కాలపు అలవాటున ఋణపు తీగెను కారు దేహమునకు తగిలించినచో లోపలి చిప్పు కాలిపోవచ్చును. ఇంజను వేగముతో పాటు హెచ్చు కూత వినబడినచో దానికి కారణము ఆల్టర్నేటరు. నివారణము చాలవరకు భూసంబంధమును శుభ్రమైన లోహమునకు బిగించుటయే.

స్టీరింగుపై శబ్దము పెంచు తగ్గించు మీటలు గల కార్లలో రెండు రీతులున్నవి. పాత రీతిలో ప్రతి మీటయు ఒక్కొక్క భిన్నమైన నిరోధమును వలయమున చేర్చును. క్రొత్త సెట్టు ఆ వోల్టేజి భేదమును ఒక్కొక్కటిగా గుర్తుపట్టి నేర్చుకొనును. క్రొత్త రీతిలో మీట నొక్కిన వార్త ‘కాన్’ అను సందేశవాహిని మీదుగా అంకెల భాషలో వచ్చును. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన ఈ ఏర్పాటు ద్వారా కారులోని పలు భాగములు రెండు తీగెల మీద సంభాషించుకొనును. ఆ భాషను సెట్టునకు అనువదించుటకు ‘కాన్ బాక్సు’ అను చిన్న పెట్టె కావలెను. అది కారు నమూనాకు తగినది కానిచో మీటలు మూగవోవును. రివర్సు కెమెరాకు రివర్సు దీపమునుండి సూచన తీసికొందురు. 2019 జూలై 1 నుండి మన దేశమున క్రొత్త కార్లకు రివర్సు సెన్సార్లు విధిగా నుండవలెనను నియమము వచ్చినది. కొన్ని కార్లలో వాని సూచనలు కంపెనీ సెట్టు తెరపైననే కనబడును గనుక, సెట్టును తీయుటకు ముందే అవి ఎచ్చట కనబడునో విచారించుట అవసరము.

విదేశములనుండి సెట్టును తెచ్చుకొను తెలుగువారు తరచు మరచునది రేడియో విషయము. అమెరికాలో మీడియం వేవు స్టేషన్లు పదేసి కిలోహెర్ట్జుల అంతరమున నుండగా, మన దేశమున తొమ్మిదేసి అంతరమున నుండును. అచ్చటి అమరికలోనే ఉంచిన సెట్టున హైదరాబాదు 738, విజయవాడ 837, విశాఖపట్టణము 927 కిలోహెర్ట్జులకు ముల్లు నిలువదు. 900 మీది కడప కేంద్రము మాత్రము, ఆ సంఖ్య తొమ్మిదికిని పదికిని గుణిజమగుటచే, రెండు లెక్కలలోను దొరకును. ఎఫ్.ఎం.లో అచ్చట బేసి దశాంశములే యుండును గనుక హైదరాబాదున 101.9 వినబడి, 102.8 మీది వివిధభారతి వినబడదు. జపాను దేశీయులకై చేసిన సెట్లకు 95 మెగాహెర్ట్జుల పైభాగమే లేదు. అమెరికా సెట్లలో పెక్కింటికి ప్రాంతమును మార్చుకొను సౌకర్యము అమరికలలోనే కలదు. జపాను సెట్టునకు అట్టి యుపాయము సామాన్యముగా నుండదు. యాంటెనాలోనే చిన్న ఆంప్లిఫయరు గల కార్లలో దానికి విద్యుత్తు నందించు నీలి తీగెను కలుపమరచినచో, ఊరి నడుమ నిలిచిన కారులోను ఎఫ్.ఎం. సన్నగిల్లి యుండును. మన దేశపు కార్లలో కొన్నిటికి ఆకాశవాణి డిజిటల్ ప్రసారములను వినిపించు శక్తి కంపెనీ సెట్టులోనే యున్నది; మార్పిడితో అది పోవును, కాని అట్టిది తమకు కలదని ఎరిగినవారే అరుదు గనుక పోయినదని చింతించువారును అరుదే.

2014లో ఆపిల్ కార్‌ప్లేయును, ఆ మరుసటి యేట ఆండ్రాయిడ్ ఆటోయును కార్లలోనికి వచ్చిన పిదప ఫోనే ప్రధానయంత్రమై, సెట్టు దాని తెరగా మారినది. సొంత బుద్ధి గల ఆండ్రాయిడ్ సెట్లు, ఈ రెంటిని మాత్రమే నడుపు సరళమైన సెట్లు అని అంగడిలో రెండు తెగలు కలవు. మొదటివానికి ఒక దోషము: తాళము తీసినను అవి పూర్తిగా నిద్రింపక, మరల త్వరగా మేలుకొనుటకై పసుపు తీగె నుండి విద్యుత్తును పీల్చుచుండును. 35 ఆంపియరు గంటల బ్యాటరీ నుండి 300 మిల్లీ ఆంపియర్లు నిరంతరము పోవుచున్నచో అయిదు దినములలో బ్యాటరీ అడుగంటును. ఇంజను త్రిప్పు శక్తి అంతకు ముందే పోవును. సంక్రాంతికి ఊరికి పోయి, కారును ఇంటి వద్ద వదలి వారము తరువాత తిరిగివచ్చిన గృహస్థునకు అది కదలకుండుటకు ఇదియొక హేతువు కావచ్చును. సెట్టు అమరికలలో నిద్రాకాలమును తగ్గించుకొనుటయు, మల్టీమీటరుతో ఈ ప్రవాహమును ఒకసారి కొలిపించుకొనుటయు మంచిది. 50 మిల్లీ ఆంపియర్లకు లోబడియున్నచో భయము లేదు.

పని ప్రారంభించుటకు ముందు పది నంబరు స్పానరుతో బ్యాటరీ ఋణపు కొనను విప్పవలెను. సెట్టునకు రహస్యసంఖ్య గల కార్లలో ఆ సంఖ్యను ముందే వెదకి ఉంచుకొనవలెను. లేనిచో పాత సెట్టును మరల పెట్టినప్పుడు అది నోరు విప్పదు. ఫ్రేమును స్క్రూడ్రైవరుతో గాక ప్లాస్టిక్కు పట్టీతో క్లిప్పుల వద్ద ఎత్తవలెను. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు కప్లరు కనబడినచో అది ఎయిర్‌బ్యాగులకు చెందినదని తెలిసికొని, దానికి మీటరు తగిలింపక తొలగవలెను. సెట్టు తీగెలలో పసుపు బ్యాటరీని సూచించుటకును, కారులో పసుపు ఆ ప్రమాదకరమైన వలయమును సూచించుటకును ఏమియు సంబంధము లేదు. సెట్టును గూటిలో బిగించుటకు ముందే బ్యాటరీని తిరిగి కలిపి, నాలుగు స్పీకర్లను వేర్వేరుగ పలికించి, దీపములు వేసి, రివర్సు గేరును పరీక్షించి, పిదప బిగించినచో మరల విప్పు శ్రమ తగ్గును. తీగెలకు స్పంజి చుట్టి, గూటి వెనుక గోడకు తగిలి టకటకలాడకుండునట్లు అమర్చుట అనుభవజ్ఞులైన ఫిటర్ల ఆచారము. గూడు లోతు చాలక సెట్టు పూర్తిగా దూరనప్పుడు, తీగెల కట్టను క్రిందకు దింపి సెట్టునకు చోటు కల్పింతురు గాని బలవంతముగా నెట్టరు.

విప్పిన కంపెనీ సెట్టును, దాని ఫ్రేమును, స్క్రూలతో సహా పాత గుడ్డలో చుట్టి అటకపై ఉంచుకొనువారు కలరు. మారు కప్లరుతో పని జరిగిన కారున, అమ్మకమునాడు దానిని దింపి అరగంటలో యథాస్థానమున నిలుపవచ్చును. కోసి కట్టిన కారున ముందుగా ఆ కప్లరును వెదకి తెచ్చి, తెగిన తీగెలలో ఏది ఏదియో మల్టీమీటరుతో ఒక్కొక్కటిగా పోల్చుకొనవలసియుండును.