చెంచులక్ష్మి ఏ రాజు కూతురు?

చెంచులక్ష్మి అనగానే చెంచురాజు కూతురు అంటాం. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ గుట్టల్లో చెంచుపెంటలు, అంటే చెంచు గిరిజనుల గూడేలు, చూసినవాళ్లకు మొదట గుచ్చుకునేది ఆ ‘రాజు’ మాటే. పెంటకు పెద్దమనిషి ఉంటాడు, అంతే. కోటా లేదు, కప్పమూ లేదు.

కథ నడిచిన దారి తెలిసిందే. ఉగ్రం చల్లారని నరసింహుడు నల్లమల అడవుల్లో చెంచు పడుచు చెంచితను వలచాడు. సంస్కృత నాటకం ‘వాసంతికా పరిణయం’లో ఆమె వాసంతిక. ఓబయమంత్రి ‘గరుడాచలం’తో యక్షగానమెక్కింది. 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి రూపంలో మరోసారి తెరకెక్కింది. మజిలీ మజిలీకీ ఆమె ఒంటిమీద నగలు పెరిగాయి.

నా పేచీ ఆ నగలతోనే. 1940లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ చెంచుల మధ్య తిరిగి, 1943లో అచ్చువేసిన పుస్తకంలో కనిపించే స్త్రీ వేరు. గడ్డలు తవ్వే కర్ర చేతపట్టి తన కూడు తాను తెచ్చుకుంటుంది. మొగుడు నచ్చకపోతే విడిచి వెళ్తుంది. వెంటపడిన దేవుణ్ణి ఊరికే ఒప్పుకోని చెంచితకు ఈమే దగ్గరి చుట్టం. అయితే హైమన్‌డార్ఫ్ ముఖ్యంగా చూసింది కృష్ణకు ఉత్తరాన నిజాం ఇలాకాను. నరసింహుడి కథ నడిచిన అహోబిలం దక్షిణాన ఉంది. నిన్నటి బతుకును పాతకథకు సాక్ష్యం పిలవడం కొంత సాహసమేనని ఒప్పుకుంటాను.

అయినా నరసింహుడికి చెంచులు పెట్టుకున్న ‘బావ’ అన్న పిలుపు ఉంది కదా. అహోబిలం పారువేట ఉత్సవంలో చెంచులు స్వామి పల్లకీ మీదికి బాణం వేస్తారు. ఆడబిడ్డను ఇచ్చిన ఇంటివాళ్ల చనువది. కొండకొమ్మున తేనెపట్టు కోయడానికి మనిషి తాడు పట్టుకుని దిగితే, పైన ఆ తాడు బావమరిది చేతిలో ఉండాలంటారు చెంచులు. అన్నదమ్ములను నమ్మరు. తోబుట్టువు పసుపు కుంకుమలు తెంచుకునే పని బావమరిది చేయడని వాళ్ల లెక్క. నరసింహుడితో వాళ్లు కలుపుకున్నది ఆ వరస. దానికి రాజరికంతో పనిలేదు. శ్రీశైలం మల్లన్న కూడా ‘చెంచు మల్లయ్య’ అయ్యాడంటే, ఈ వరస ఒక్క గుడికే పరిమితం కాదన్నమాట.

ఇప్పటి వేదికల మీద చెంచులక్ష్మికి నెమలీకల కిరీటం పెట్టి, పాట వేసి ఆడిస్తున్నారు. ఆ ముస్తాబు నాకు రుచించదు. 2019లో అమ్రాబాద్‌లో యురేనియం తవ్వకాలు వద్దని చెంచులు గొంతెత్తినప్పుడు ఆ కిరీటం ఎవరికీ గుర్తు రాలేదు. పులుల అభయారణ్యం పేరుతో పెంటలు ఖాళీచేసే మాట నడుస్తూనే ఉంది. కాగితాల్లో వాళ్లు ‘తరలించాల్సిన కుటుంబాలు’. చెంచులక్ష్మికి మాత్రం ఆ అడవి పుట్టిల్లు.