కంచెలు లేని లాక్స్టన్

ఇంగ్లండ్ పల్లె అనగానే పచ్చటి పొలాలు, వాటి చుట్టూ ఏపుగా పెరిగిన కంచెలు కళ్లముందు మెదులుతాయి. ఆ కంచెల్లో చాలావాటిని 1750 తర్వాత పార్లమెంటు చట్టాలే వేయించాయి. అంతకుముందు ఎన్నో ఊళ్లలో సాగుభూమి అంతా గట్లూ కంచెలూ లేని బయలు. చట్టాలొచ్చాక పెద్ద రైతుల కమతాలు ఒకచోటికి చేరాయి. ఊరుమ్మడి బంజరులో ఒక ఆవును మేపుకొని బతికిన పేదల నోటికాడి కూడు పోయింది. ఇంగ్లండ్ చరిత్రలో ఇంత పెద్ద అన్యాయం మరొకటి అరుదు.

నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూవార్క్ పట్టణానికి ఉత్తరాన ఉన్న లాక్స్టన్ మాత్రం ఆ వరదలో కొట్టుకుపోలేదు. ఊరి భూమిలో వాటా ఉన్న ఇద్దరు జమీందార్లకు పొత్తు కుదరకపోవడమే ఇందుకు కారణమంటారు. వాళ్ల తగువు ఊరికి మేలు చేసింది.

ఇళ్లు, కొట్టాలు అన్నీ ఊరి వీధిలోనే ఉంటాయి. బయట మూడు పెద్ద పొలాలు: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పంట వేస్తారు. మూడోదానికి విశ్రాంతి. ఏటా వంతు మారుతుంది. ప్రతి రైతుకూ మూడింటిలోనూ ముక్కలున్నాయి. మంచి నేల, చెడ్డ నేల అందరికీ పంచే ఏర్పాటిది. 1635లో మార్క్ పియర్స్ గీసిన ఊరి పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఎవరి ముక్క ఎక్కడో అందులో చూడొచ్చు. దున్నేవాళ్ల, కోతకోసేవాళ్ల చిన్న చిన్న బొమ్మలూ ఉన్నాయి.

కంచె లేనిచోట పక్కవాడి సాలు మన నేలలోకి జరగడానికి ఎంతసేపు? అందుకే నవంబరు ఆఖరులో రైతుల జ్యూరీ ట్రాక్టర్ ట్రెయిలర్ ఎక్కి గోధుమ పొలానికి వెళుతుంది. ముక్క ముక్కకూ హద్దు చూస్తుంది. అనుమానం వచ్చినచోట గుంజ పాతుతుంది. బాటను గానీ, దున్నకుండా వదలాల్సిన గడ్డి నేలను గానీ ఎవరైనా కలిపి దున్నారేమో రాసుకుంటుంది. వారం తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో కోర్టు కూర్చుంటుంది. తప్పు చేసినవాడు జరిమానా కట్టాలి. సొమ్ము స్వల్పమే. కానీ ఇరుగుపొరుగు అందరి ఎదుటా పేరు చదువుతారు, అసలు శిక్ష అదే. 1977లో పార్లమెంటు ఇలాంటి పాత కోర్టుల అధికారాలను తీసేసినప్పుడు కూడా లాక్స్టన్ కోర్టును మినహాయించింది.

ఊరి యాజమాన్యం 1952లో జమీందారు నుంచి వ్యవసాయ మంత్రిత్వశాఖకు, 1981లో క్రౌన్ ఎస్టేట్‌కు చేరింది. 2020లో తిరిగి పాత జమీందారీ వారసుల థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వచ్చింది. ఎవరు కొన్నా కోర్టు ఆగలేదు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు లండన్, స్ట్రాట్‌ఫర్డ్ చూసి ఊరుకోకండి. పొలాల మీదుగా నడకదారులున్నాయి, ఒక పూట లాక్స్టన్‌లో తిరిగి రండి.