మాట రాని వారి మాట

మాట్లాడటమంటే నాలుక పని అనుకుంటాం. కాని నాలుక కదలనివారు సైతం నలుగురితో సంభాషించిన చరిత్ర ఒకటున్నది. అందులో మన హైదరాబాదువారి పేరు కూడా కలిసి ఉన్నది.

నవాబ్ అలీ యావర్ జంగ్ ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలరుగా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా 1976లో కన్నుమూశారు. వినికిడి, వాక్కు లోపాలున్నవారి కోసం 1983లో నాటి బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉన్నది.

ఆ రోజుల్లోనే, 1985లో, ఇంగ్లండు శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ గారికి ప్రాణం నిలపడానికి గొంతుకు ఆపరేషన్ చేయగా ఉన్న కాస్త మాటా పోయింది. మొదట అక్షరాల అట్టే దిక్కయింది. ఎదుటివారు ఒక్కొక్క అక్షరం చూపుతుంటే, కావలసినది రాగానే ఆయన కనుబొమ ఎగరేసేవారు. తరువాత కంప్యూటరు వచ్చింది. చేతిలోని మీట నొక్కి మాటలు ఏరుకుంటే యంత్రం పలికేది. ఎంత చేసినా నిమిషానికి పదిహేను మాటలే. చేయి పడిపోయాక చెంప కదలికతోనే 2018లో మరణించేదాకా నెట్టుకొచ్చారు.

మన పొరుగున చెన్నైలో తయారైనదాని పేరు ‘ఆవాజ్’. బొమ్మ తాకితే మాట వినబడుతుంది. ఆ పేరుకు అర్థం మన ఇళ్ళలో చెప్పనక్కరలేదు.

అయితే పరికరం సగమే. మిగతా సగం వినేవారి ఓపిక. మా తరగతిలో మాట రాని పిల్లవాడొకడు అట్టమీద పే, అలిఫ్ చూపగానే మేము “పానీయే కదా” అని గ్లాసు తెప్పించాం. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆగి చూద్దుము గదా, వాడు చెప్పబోయింది ‘పాఁవ్’. పొద్దుటినుంచీ కాలు నొప్పి! వాడి మాట మేము లాక్కున్నందుకు సిగ్గుపడ్డాం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి సాధనాలతో చెప్పేదాన్ని కూడా సంభాషణగానే గుర్తించింది. మన దీన్ ఆ పాఠం ఏనాడో నేర్పింది. అంధుడైన హజ్రత్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) అడగవచ్చినప్పుడు ఆయనవైపు శ్రద్ధ పెట్టాలని ‘అబస’ సూరా అవతరించింది.

అచ్యుతాపురం సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మాట రాని బిడ్డను వెనకగదిలో ఉంచకండి. ఒక అట్టమీద అక్షరాలు, బొమ్మలు గీసి ముందు పెట్టండి. యంత్రాన్ని కాదు, బిడ్డ ముఖాన్ని చూడండి. మాట పూర్తయ్యేదాకా ఆగండి.

అల్లాహ్ మనకు ఆ సహనం ప్రసాదించుగాక. ఆమీన్.