ఊర్ణ – ఉన్ని – వూల్



ఆంగ్లేయులు గొఱ్ఱెబొచ్చును 'వూల్' అందురు. "మన గొంగళికి ఉన్ని, దొరల కోటుకు వూల్, ఈ రెండు మాటలకును చుట్టఱికము గలదా?" యని మనవారు పలుమాఱు నన్నడిగియున్నారు. కలదు. అయితే అది యెట్టి చుట్టఱికమో యెఱుఁగవలయును.

సంస్కృతమున నీ వస్తువునకు 'ఊర్ణ' యని పేరు. ఋగ్వేదమున సింధునది 'ఊర్ణావతి' యని కీర్తింపఁబడినది. గాంధారదేశపు గొఱ్ఱెల దట్టమైన ఉన్నియు నందుఁ బ్రస్తావింపఁబడినది. కడుపునుండి దారము దీయును గావున సాలెపురుగు ఊర్ణనాభమైనది. ఈ ఊర్ణయే ప్రాకృతమున 'ఉణ్ణా' యై, తెనుఁగున 'ఉన్ని' యైనది.

ప్రాచీనాంగ్లమున వూలునకు 'వుల్ల్' అని రూపము. లిథువేనియావారి భాషలో 'విల్న', లాటినున 'లానా'. ఈ పోలిక కాకతాళీయము గాదు. సంస్కృత 'పూర్ణ' శబ్దమునకు లిథువేనియా భాషలో 'పిల్నస్', ఆంగ్లమున 'ఫుల్'. పూర్ణమునకు ఫుల్ ఎట్లో, ఊర్ణకు వూల్ అట్లే. గొఱ్ఱె యను నర్థమున మనము చదువు 'అవి' శబ్దమే లాటినున 'ఓవిస్', ఆంగ్లమున ఆఁడుగొఱ్ఱెకు 'యూ'.

ఇంతమాత్రమున ఆంగ్లము సంస్కృతమునుండి పుట్టినదని కొందఱు సభలలోఁ బలుకుదురు. పడుచుతనమున నేనును బడిలో నట్లే బోధించితిని. అది పొరపాటు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఇవియన్నియు నొక్క ప్రాచీనమూలమునుండి కలిగినవనియు, ఆ మూలము బహుశః నశించియుండుననియు 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు వచించెను. మన తెనుఁగు సంస్కృతజన్యము గాదనియు, తమిళ కన్నడములతోడి దనియు 1816లో ఎల్లిసుదొర నిరూపించెను. కావున ఊర్ణయు వూలును తోఁబుట్టువులు. ఉన్ని మాత్రము ఊర్ణయింటఁ బుట్టి, మన యింటికిఁ బెంపునకు వచ్చిన బిడ్డ.

ఆయా జాతులు వేఱుపడకముందే వారి పూర్వులు ఉన్ని నెఱిఁగియుండిరని పండితు లీ పదములనుబట్టియే యూహింతురు. వస్తువు లేక పేరు నిలువదు. వృత్తి నెఱిఁగిన చేతులు లేక వస్తువు నిలువదు. ఇంతటి పూర్వచరిత్రగల పనిని చేసినవారికిఁ గల్పిత వంశావళులతోఁ బనిలేదు.

కులపెద్దలకు, పోషకులకు నాదొక మనవి. గొఱ్ఱెల రంగులకు, వయస్సులకు, బొచ్చు కత్తిరింపునకు, గొంగళినేతకు మన వృద్ధుల నోట నెన్నియో మాటలున్నవి. ఆ నోళ్లు మూఁతపడకముందే వానిని వ్రాయించి యుంచుఁడు. అవియే మన శాసనములు.