నీరు లేని రాయి

మా అవ్వ దగ్గర ఒక రాగి చెంబు ఉండేది. శ్రీకాళహస్తిలో మా పెరట్లో, తులసికోట పక్కన దాని చోటు. వానాకాలంలో నాలుగు రోజులు తోమకపోతే అంచు వెంబడి పచ్చగా చిలుము పట్టేది. అవ్వ గుప్పెడు చింతపండు తెచ్చి గట్టిగా రుద్దితే ఆ పచ్చదనం కరిగిపోయి కింద ఎర్రటి రాగి బయటపడేది. రాగి, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే ఆ చిలుము పుడుతుందని కాలేజీ కెమిస్ట్రీ చదివాకే నాకు తెలిసింది. వాయులింగం ఉన్న ఊళ్లో గాలి చెంబుల్ని కూడా వదలదన్నమాట.

ఇంచుమించు ఆ చిలుములో ఉండే పదార్థమే భూమిలో గట్టిపడి రాయిగా దొరికితే దాన్ని మాలకైట్ అంటారు. అయితే పచ్చగా ఉన్న ప్రతి రాగిరాయీ మాలకైట్ కాదు. రాగి ఖనిజం ఉన్నచోట పైపొరల్లోకి గాలీ నీళ్లూ దిగినప్పుడు, పక్కన ఫాస్ఫేట్ అందుబాటులో ఉంటే మరో పచ్చరాయి తయారవుతుంది. చూడ్డానికి అచ్చం మాలకైట్‌లాగే ఉంటుంది. 1813లో హౌస్మన్ అనే జర్మన్ ఖనిజశాస్త్రజ్ఞుడు దానికి సూడోమాలకైట్ అని పేరు పెట్టాడు. అంటే ఉత్తుత్తి మాలకైట్. అది మాలకైట్ కన్నా కొంచెం గట్టిది, కొంచెం బరువైనది, చాలా అరుదైనది. రెంటినీ విడదీయడానికి పాత పరీక్ష ఒకటుంది. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయాలి. మాలకైట్ అయితే బుసబుసా పొంగుతుంది, ఎందుకంటే దానిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఫాస్ఫేట్ అయితే చప్పుడు లేకుండా కరుగుతుంది.

అంటే రాయి పేరు తేలేది రంగుని బట్టి కాదు, లోపల ఏముందో లెక్క కట్టడాన్ని బట్టి. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి మా వైపుదే ఉంది. హౌస్మన్ పేరు పెట్టిన మరుసటి ఏడాదే అది మొదలైంది.

బెంజమిన్ హెయ్న్ జర్మనీవాడు. మొరేవియన్ మిషనరీగా ఇక్కడికి వచ్చి, ఈస్టిండియా కంపెనీలో వైద్యుడుగా, వృక్షశాస్త్రజ్ఞుడుగా కుదురుకున్నాడు. రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లిపోయాక 1793లో సామర్లకోట తోట బాధ్యత తీసుకున్నాడు. టిప్పు సుల్తాన్ చనిపోయిన తర్వాత కాలిన్ మెకంజీ నడిపిన మైసూరు సర్వేలో చేరాడు. బెంగళూరులోని లాల్‌బాగ్ కొన్నేళ్లు ఆయన చేతిలోనే ఉంది. చెట్ల కోసం తిరిగిన మనిషికి రాళ్ల మీద కూడా కన్నుండేది. కంపెనీకీ ఆ కన్ను పనికొచ్చింది. రాగి అప్పట్లో ఓడల మీద ఇంగ్లండు నుంచి వచ్చేది. అది ఈ దేశంలోనే దొరికితే ఎంత లాభం!

హెయ్న్ వ్యాసాల సంపుటి 1814లో లండన్‌లో అచ్చయింది. అందులో కాళహస్తి, వెంకటగిరి, నెల్లూరు ప్రాంతాల రాగి ఖనిజాల మీద వ్యాసం ఉంది. అప్పటికి ఇవి పాలెగాళ్ల నుంచి జమీందార్లుగా మారిన కుటుంబాల సీమలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కాళహస్తి అందులో చేరింది, వెంకటగిరి నెల్లూరులోనే ఉండిపోయింది. 2022లో తిరుపతి జిల్లా పుట్టినప్పుడు రెండూ ఒక్కచోటికి వచ్చాయి. హెయ్న్ మాత్రం రెండు వందల ఏళ్ల ముందే ఈ రెంటినీ ఒక్క వాక్యంలో కలిపేశాడు.

ఆయన తీసుకెళ్లిన ఒక రాయి థామస్ థామ్సన్ చేతికి చేరింది. థామ్సన్ స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు. డాల్టన్ అణు సిద్ధాంతాన్ని 1807లో తన పాఠ్యగ్రంథం ద్వారా లోకానికి మొదట పరిచయం చేసినవాడు. ఆ రోజుల్లో రసాయన శాస్త్రమంతా నిష్పత్తుల చుట్టూ తిరిగేది. ఒక పదార్థం ఎక్కడ పుట్టినా, ప్రకృతిలో దొరికినా ప్రయోగశాలలో చేసినా, దానిలోని మూలకాల పాళ్లు మారవని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రూస్ట్ 1799లో చూపించాడు. ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో ముఖ్యమైనది రాగి కార్బనేటే, అంటే అవ్వ చెంబు మీది చిలుముకి దగ్గరి చుట్టం.

అలాంటి కాలంలో థామ్సన్ ఈ రాయిని ఆమ్లంలో వేశాడు. నల్లటి గోధుమ రంగు రాయి, అక్కడక్కడ పచ్చ, ఎరుపు మరకలు. పొంగింది, అడుగున ఎర్రటి పొడి మిగిలింది. నూటికి ఆయన తేల్చిన పాళ్లు ఇవి: రాగి ఆక్సైడ్ 60.75, ఇనుప ఆక్సైడ్ 19.50, కార్బానిక్ ఆమ్లం 16.70 (ఇప్పటి మాటలో కార్బన్ డయాక్సైడ్), సిలికా 2.10. మొత్తం 99.05. నీటి వాటా లేదు.

అప్పటికి తెలిసిన రాగి కార్బనేట్లలో నీరు ఉంటుంది. మాలకైట్‌లో నూటికి ఎనిమిది పాళ్లకి పైగా ఉంటుంది. నీరు లేదంటే ఇది వేరే జాతి కావాలి. రాగి ఖనిజాల్లో కొత్త జాతి దొరికిందని థామ్సన్ 1814లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. తర్వాతి ఖనిజ గ్రంథాలు దానికి 'మైసోరిన్' అని పేరు పెట్టుకున్నాయి. దొరికిన చోటు మైసూరు తూర్పు సరిహద్దు దగ్గరని థామ్సన్ రాశాడు మరి.

మైసూరుకి తూర్పు సరిహద్దు! మ్యాప్ తీసి చూడండి, అక్కడున్నది మన చిత్తూరు సీమ. హెయ్న్ పనిచేసింది మైసూరు సర్వేలో, ఉన్నది బెంగళూరులో. రాగి గురించి రాసింది మాత్రం కాళహస్తి నుంచి నెల్లూరు దాకా ఉన్న నేల గురించి. రాయి కూడా ఈ నేలదే అయి ఉంటుందని నేననుకుంటాను. లండన్ నుంచి చూస్తే ఇదంతా మైసూరు పక్కనే కదా.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన ఎఫ్.ఆర్. మాలెట్ 1879లో ఈ రాయి మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన పట్టించుకున్నది మైసూరు మైసోరిన్‌ని కాదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చినదాన్ని. ఉదయగిరి వైపు గరిమెనపెంట దగ్గర పాత రాగి గుంతలు ఉన్న జిల్లా అది. ఆ తర్వాత ఖనిజాల పట్టికలో మైసోరిన్ కథ ముగిసింది. ఇప్పుడు దాని పేరు ఎదురుగా కనిపించే వివరణ ఒక్కటే: మలినాలు కలిసిన మాలకైట్.

థామ్సన్ అంకెల్ని మనమూ సరిచూడొచ్చు, సెల్‌ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు. 60.75ని 16.70తో భాగిస్తే సుమారు 3.64. శుద్ధమైన మాలకైట్‌లో రాగి ఆక్సైడ్ 71.95, కార్బన్ డయాక్సైడ్ 19.90. భాగిస్తే సుమారు 3.62. రెండూ దాదాపు ఒకటే. ఇనుమునీ ఇసుకనీ పక్కన పెడితే ఆ రాయి మొదటినుంచీ తాను మాలకైట్‌నేనని చెప్తూనే ఉంది. అదే నిజమైతే అందులో సుమారు 7 పాళ్ల నీరు ఉండాలి. ఆ 7 పాళ్లూ లేకుండానే మొత్తం 99 దాటింది కాబట్టి, మిగతా అంకెల్లో ఎక్కడో ఏదో ఎక్కువ పడి ఉండాలి. కానీ అంత చక్కగా కుదిరిన లెక్కని చూసి అనుమానపడేదెవరు?

ఇప్పుడు ఖనిజాన్ని జాతిగా ఒప్పుకోవాలంటే పాళ్లు సరిపోవు, లోపలి అణువుల అమరిక కూడా చూపించాలి. హౌస్మన్ సూడోమాలకైట్‌కి ఈ నియమం వల్ల ఇద్దరు తోబుట్టువులు దొరికారు, రైచెన్‌బాఖైట్, లుజిబైట్. మూడింటిలోనూ అవే రాగి, అదే ఫాస్ఫేట్, అవే పాళ్లు. అమరిక వేరు కాబట్టి మూడు పేర్లూ నిలబడ్డాయి. పాళ్లు వేరని పేరు తెచ్చుకున్న మైసోరిన్ మాత్రం ఒక్క పేరూ నిలుపుకోలేకపోయింది.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టేది ఆ పేరు పోవడం కాదు. తప్పుని శాస్త్రం 65 ఏళ్లలో దిద్దుకుంది, దాని బలమే అది. కానీ ఆ రాయి విషయంలో తప్పులు రెండు. నీటి తప్పుని దిద్దారు. చోటు తప్పుని విడిగా దిద్దాల్సిన అవసరమే రాలేదు, పేరుతో పాటే అదీ పాత పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. మెకంజీ సర్వేలో పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య పేరు మనకి తెలుసు, ఆయన సేకరించినవి తాళపత్రాలూ శాసనాలూ కాబట్టి. రాగి ఎక్కడుందో దొరగారికి వేలు పెట్టి చూపించిన మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లకి ఆ రాయిని పిలుచుకోవడానికి ఒక పేరు కూడా ఉండి ఉంటుంది. రాయల్ సొసైటీ పత్రికలో ఇనుముకి, సిలికాకి రెండు దశాంశాల వరకు లెక్క ఉంది.

అవ్వ పోయాక చెంబు నా దగ్గరికి వచ్చింది. హైదరాబాద్ ఫ్లాట్‌లో బాల్కనీలో పెట్టాను. మొన్నటి వానలకి అంచు పచ్చబడింది. ఈసారి వెంటనే చింతపండు తీయలేదు. కాసేపు దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాను.